మాయ పడని కాన్పు తర్వాత: మళ్ళీ కనాలా వద్దా అన్నది ఎవరి మాట?



ఈ పోస్టు కొంచెం పెద్దది. మగపిల్లలు కూడా చివరిదాకా చదవాలని కోరుతున్నాం. ఇళ్ళ పట్టాలు, కుల సర్టిఫికెట్లు, హాస్టళ్ళు, చెరువుల్లో చేపల హక్కు, ఇవన్నీ మన చరిత్ర అంటే అందరం ఒప్పుకుంటాం. ఇంట్లోనే కాన్పయి, బిడ్డ బయటికొచ్చాక మాయ పడక, రక్తం పోయి, చావు దాకా వెళ్ళొచ్చిన ఆడమనిషి మళ్ళీ కడుపు మొయ్యాలా వద్దా అన్నది కూడా మన చరిత్రే. బోగోలు, బిట్రగుంట, జువ్వలదిన్నె వైపు మన యానాది కాలనీల్లో ఇది కొత్త ప్రశ్నేం కాదు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పారు? ఆమెను ఎవరైనా అడిగారా? దాని గురించే ఈ పోస్టు.

1. ముందు మాయ సంగతి

కడుపులో బిడ్డకు తల్లి నుంచి తిండీ గాలీ అందించేది మాయ. బిడ్డ పుట్టాక మామూలుగా అరగంట లోపల అదే పడిపోతుంది. మాయ వదిలిన చోట గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే అక్కడి రక్తనాళాలు మూసుకుంటాయి. మాయ మొత్తం గానీ, చిన్న ముక్క గానీ లోపల ఉండిపోతే సంచి సరిగా ముడుచుకోదు, రక్తం ఆగదు. నూటికి ఒకటి నుంచి మూడు కాన్పుల్లో ఇలా జరుగుతుంది. తల్లి గట్టిగా ఉందా, బలహీనంగా ఉందా అని చూసి రాదు. కాకపోతే ముందే రక్తం తక్కువున్న మనిషి తట్టుకోలేదు.

మన పెద్దవాళ్ళకు ఈ ప్రమాదం తెలుసు. "మాయ పడిందా?" అని అడిగి గానీ కాన్పయిందని అనుకునేవాళ్ళు కాదు. ఆ మాట వెనక అనుభవం ఉంది. పడకపోతే మాత్రం మంత్రసాని చేతిలో ఉన్న దారులు తక్కువ. పొట్ట నొక్కడం, జుట్టు కొస నోట్లో పెట్టి ఓకరింతలు తెప్పించడం, బొడ్డుతాడు పట్టి లాగడం. ఇవి మన ఒక్క కులానివి కావు, దేశంలో చాలాచోట్ల చేసినవే. తాడు లాగితే అది తెగిపోవచ్చు, ఒక్కోసారి గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు. మంత్రసాని తెలివితక్కువది కాదు. ఆమె దగ్గర మందు లేదు, అంతే.

2. లెక్క రాసినవాళ్ళు ఏం రాశారు?

మన జిల్లాలో మన గురించి రాతకోతలు తక్కువేం కాదు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో గట్టిగా అమలైంది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకల వాళ్ళకు సెటిల్‌మెంటు నడిపింది. మన బోగోలు దగ్గర బిట్రగుంటలో, కప్పరాళ్ళతిప్పలో కూడా సెటిల్‌మెంట్లు పెట్టారు. పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు పిలిచారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరేచోట పెట్టే అధికారం 1897 సవరణతోనే సర్కారుకు వచ్చింది. అంటే కన్నాక కూడా బిడ్డ తనదని తల్లి ధైర్యంగా అనుకోలేని కాలం అది.

ఇంకో సంగతి చూడండి. ఎరుకల వాళ్ళలో భార్యకు కాన్పయితే భర్త చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడని, అతనికి ఇంగువ పెడతారని 1874లో ఒక పాదిరీ రాశాడు. ఆ వింత ఆచారాన్ని తర్వాత వచ్చిన చాలామంది తమ పుస్తకాల్లో ఎత్తి రాసుకున్నారు. మంచం మీద పడుకున్న తండ్రి గురించి ఉన్నంత శ్రద్ధ, పక్కన నెత్తుట్లో ఉన్న తల్లి గురించి ఆ రాతల్లో కనపడదు. ఆమెకు మాయ పడిందా, బతికిందా, మళ్ళీ కన్నదా అనేది వాళ్ళకు విశేషం కాలేదు.

నేరస్థ తెగల చట్టం పోవాలని కొట్లాడిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మన సంఘాన్ని నిలబెట్టి, 1962లో యానాదుల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దొంగల లిస్టులో నుంచి పేరు తీసేశారు సరే, కాన్పు గదికి మాత్రం ఇంకా ఎవరూ రాలేదు.

3. మందు ఎప్పుడు పుట్టింది, మన దాకా ఎప్పుడొచ్చింది?

ఆడవాళ్ళ వైద్యం కోసం డఫరిన్ ఫండు 1885లో, మంత్రసానులకు తర్ఫీదు ఇవ్వడానికి లేడీ కర్జన్ విక్టోరియా ఫండు 1903లో మొదలయ్యాయి. నెల్లూరులో మిషన్ వాళ్ళ స్త్రీల ఆసుపత్రి ఉండేది. బోగోలు నుంచి నెల్లూరు నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. మాయ పడని మనిషికి అంత టైముండదు.

గర్భసంచి ముడుచుకునేలా చేసే ఎర్గోమెట్రిన్ మందును 1935లో లండన్‌లో వేరుచేశారు. ఆక్సిటోసిన్‌ను 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో తయారుచేసి చూపించి, 1955లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈరోజు ఏ సర్కారు ఆసుపత్రిలోనైనా బిడ్డ పుట్టిన నిమిషంలోపు తొడకు వేసే 10 యూనిట్ల సూది అదే. ప్రపంచంలో ఎంతోమంది తల్లుల్ని కాపాడిన మందు అది. ధర చాలా తక్కువ. అయితే దాన్ని చల్లగా ఉంచాలి, వెయ్యడం తెలిసిన చెయ్యి ఉండాలి. గుడిసెలో ఈ రెండూ లేవు.

1946లో వచ్చిన భోర్ కమిటీ రిపోర్టు, దేశంలో వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు చనిపోతున్నారని అంచనా వేసింది. ఊళ్ళల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పెట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

4. ఒకరు వద్దన్నారు, ఒకరు కనమన్నారు

1952లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ పథకం మొదలుపెట్టింది. 1975–77 ఎమర్జెన్సీలో దేశంలో చాలాచోట్ల బలవంతపు ఆపరేషన్లు జరిగాయి. ఇన్ని కేసులు తేవాలని సిబ్బందికి పెట్టిన టార్గెట్లు 1996లో గానీ పోలేదు. ఆపరేషన్ క్యాంపులు మూడేళ్ళలో ఆపెయ్యాలని సుప్రీంకోర్టు 2016లో తీర్పిచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళు సర్పంచిగానో, వార్డు మెంబరుగానో నిలబడకూడదంది. ఆంధ్ర శాసనసభ 2024 నవంబరులో ఆ నిబంధన తీసేసింది. అదే ఏడాది ముఖ్యమంత్రే ఎక్కువమంది పిల్లల్ని కనమని బహిరంగంగా చెప్పారు.

ముప్పై ఏళ్ళలో సర్కారు మాట పూర్తిగా తిరగబడింది. ఇంట్లో మాట మాత్రం మారలేదు. "మగపిల్లాడు లేడు గదా, ఇంకొకటి చూడండి" అని అత్త అంటుంది. "పోయినసారి ఏదో గాలి సోకింది, ప్రతిసారీ అట్లా అవుద్దా?" అని మొగుడంటాడు. "చాల్లే, ఆపరేషన్ చేయించెయ్" అని ఇంకొకరు. రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కనడమా, ఆపరేషనా అని రెండే దారులు చూపిస్తే, నడుమనున్న దారి ఎవరికీ కనపడదు. ఆ నడిమి దారి పేరు ఆగడం.

5. గుడిసె నుంచి ఆసుపత్రికి

2005లో జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలై తర్వాత జిల్లాలకు పాకింది. రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 1992–93లో మూడింట ఒక వంతే. 2019–21 నాటికి నూటికి 96 దాటాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2004–06లో 154 ఉంటే, 2018–20కి 45కు దిగాయి. ఇది చిన్న సంగతి కాదు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. మన రాష్ట్రం లాంటి చోట్ల జననీ సురక్ష డబ్బు మొదట్లో ఇద్దరు పిల్లల దాకే ఇచ్చారు. ఆ షరతు 2013లో తీసేశారు. కాన్పులు బాగా ఎక్కువైతే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. సాయం ఎక్కువ కావాల్సిన చోటే అన్నేళ్ళు డబ్బు ఆగిందన్నమాట.

ఇక మిగిలిన ఆ నాలుగు శాతం ఎవరు? 1990ల్లో ఈ తీరంలో రొయ్యల గుంటలు పెరిగాక మనవాళ్ళు గట్ల మీద కాపలాకు కుదిరారు. ఇల్లు ఒక ఊళ్ళో, పని ఇంకో ఊళ్ళో. కార్డు ఒక నర్సమ్మ దగ్గర, నొప్పులు ఇంకో నర్సమ్మ పరిధిలో. రోడ్డుకు దూరంగా, రాత్రిపూట, అడ్వాన్సు తీసుకున్న యజమానికి చెప్పకుండా కదల్లేని స్థితిలో జరిగే కాన్పు ఇంట్లోనే అవుతుంది. దాన్ని మొండితనం అంటే అన్యాయం.

6. మళ్ళీ కనాలా వద్దా: తేల్చుకోవడానికి ఏం కావాలి?

కనమనీ, వద్దనీ మేం చెప్పడం లేదు. తేల్చుకునే మనిషి చేతిలో ఉండాల్సిన సమాచారం ఇది.

ఒకసారి మాయ నిలిచిన తల్లికి మళ్ళీ నిలిచే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అయినా చాలామందికి రెండోసారి అలా జరగదు. కాబట్టి "ఇక కంటే చస్తావ్" అనడం తప్పే, "ఏం కాదులే" అనడం కూడా తప్పే. ఇంకో కాన్పు ఇంట్లో మాత్రం కాకూడదు. రక్తం ఎక్కించే వీలు, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రిలో కావాలి.

కాన్పుకూ మళ్ళీ గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పోయిన రక్తం మళ్ళీ పట్టాలి గదా. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి, 7 కంటే తగ్గితే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆగడానికి ఆపరేషనే అక్కర్లేదు. కాపర్-టి ఉంది, మూడు నెలలకోసారి వేసే అంతర సూది ఉంది, ఛాయ మాత్రలు ఉన్నాయి, నిరోధ్ ఉంది. ఏది ఎవరికి సరిపడుతుందో డాక్టరు చూసి చెప్పాలి. సర్కారు ఆసుపత్రిలో ఇవి ఉచితం.

పోయిన కాన్పు తర్వాత పాలు పడలేదా? నెలలు గడిచినా ముట్టు రాలేదా? బాగా నీరసమా? దిష్టి అని వదిలెయ్యొద్దు. ఎక్కువ రక్తం పోతే మెదడు కింద ఉండే చిన్న గ్రంథి దెబ్బతిని ఇలా అవుతుందని 1937లోనే షీహన్ అనే డాక్టరు వివరించాడు. దానికి మందులున్నాయి.

తల్లిది నెగెటివ్ గ్రూపై, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి సూది పడాలి. ఇంటి కాన్పుల్లో ఇది తప్పిపోతుంది. పడిందో లేదో డాక్టరుకు ముందే చెప్పాలి.

సిజేరియన్ అయినవాళ్ళకు, చెయ్యి పెట్టి మాయ తీయించుకున్నవాళ్ళకు తర్వాతి గర్భంలో మాయ ఎక్కడ అతుక్కుందో స్కానింగులో చూపించుకోవడం అవసరం.

7. ఆమె మాటే చట్టం

గర్భం ధరించడం, మానుకోవడం ఆడమనిషి వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, అది రాజ్యాంగం 21వ అధికరణం కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. 1971 గర్భస్రావ చట్టం ప్రకారం, 18 నిండిన ఆడమనిషి సమ్మతి ఒక్కటి చాలు. మొగుడి సంతకం చట్టం అడగదు. ఆపరేషన్‌కైనా అంతే. ఈ ముక్క మన కాలనీల్లో ఎంతమందికి తెలుసు?

చదువుకున్న మనం చెయ్యగలిగింది ఒకటుంది. తల్లీ బిడ్డల సంరక్షణ కార్డులో గత కాన్పు వివరాలు రాసే చోటుంటుంది. మీ ఇంట్లో అక్కది, వదినది, పిన్నిది ఆ కార్డు తీసి చూడండి. ఇంట్లో అయిన కాన్పుల దగ్గర చాలాసార్లు ఖాళీ ఉంటుంది. "మాయ పడలేదు, చెయ్యి పెట్టి తీశారు, రక్తం ఎక్కించారు" అని ఆమెను అడిగి, నర్సమ్మ చేత అక్కడ రాయించండి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది. అక్కడ ఆ సంగతి చెబితే ప్రమాదమున్న గర్భం అని కార్డు మీద ఎర్ర స్టిక్కరు వేస్తారు. గుంటల మీదికి పనికి పోయేటప్పుడు ఆ కార్డు కూడా మూటలో ఉండాలి, ఫోనులో దాని ఫోటో ఉండాలి.

మన వేలిముద్రలు వందేళ్ళ కిందటే సర్కారు తీసుకుంది. మన తల్లుల కాన్పు సంగతి మాత్రం ఆ కార్డులో ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ నిండాక, మళ్ళీ కనాలా వద్దా అని ఆమెను అడగండి. ఆమె చెప్పింది వినండి. ఇంట్లో ఎవరైనా అడ్డం మాట్లాడితే చదువుకున్న మనం ఆమె పక్కన నిలబడదాం.