కొండ కింద షెడ్డు, కారులో కంప్యూటరు

చాలా రోజులైంది ఇటువైపు వచ్చి. ఆఫీసులో రిలీజుల గోల తెలిసిందే కదా :) ఈసారి టపా మన కోడు గురించి కాదు, కారు గురించి.

మా గోదావరి జిల్లాల్లో కొత్త బండి కొంటే చాలామంది ముందు వెళ్ళేది అన్నవరమే. 1891లో రత్నగిరి మీద గుడి వెలిసేనాటికి మన రోడ్ల మీద కార్లే లేవు. ఇప్పుడేమో కొండ కింద తొలి పావంచా దగ్గర బళ్ళు వరస కట్టి ఉంటాయి. బానెట్టుకి పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. ఇంజనుకీ చక్రాలకీ దణ్ణం పెడతాం గానీ, వాటిని నడిపించే చిన్న అల్యూమినియం డబ్బాని ఎవరూ తలుచుకోరు. ఈసీయూ అంటారు దాన్ని. నేను మాత్రం రోజూ తలుచుకుంటాను, ఎందుకంటే ఒకదాన్ని కాల్చేశాను.

మా మావయ్యకి ఆ దగ్గర్లోనే హైవే పక్కన మెకానిక్ షెడ్డుంది. 2023 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఎవరిదో కారు స్టార్టవక పడి ఉంది. "డబ్బా విప్పి బల్ల మీద పెట్టి కరెంటిస్తే, తప్పేంటో అదే చెబుతుంది మావయ్యా" అని లాప్‌టాప్ తీశాను. కరెంటు కోసం చూస్తే బ్యాటరీ చార్జర్ కనబడింది. లారీ బ్యాటరీ కోసం దాని మీట 24 దగ్గర పెట్టి ఉంది. నేను చూసుకోలేదు. పది సెకన్లలో ఒక వాసన వచ్చింది. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చేసినవాళ్ళకి ఆ వాసన చెప్పక్కర్లేదు.

మావయ్య నన్నేమీ అనలేదు. కారాయనకి ఫోన్ చేసి "ఆయ్, తప్పు మాదేనండి, డబ్బా మేమే వేయిస్తాం" అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

అప్పట్నుంచీ ఈ డబ్బా చరిత్ర వెతికి చదువుతున్నా. నేను చేసిన తప్పుకి జవాబు అందులోనే ఉంది.

మొదట్లో ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపే పని కార్బురేటర్‌ది. 1983 డిసెంబర్లో వచ్చిన మారుతి 800కి కూడా అదే. స్క్రూ డ్రైవరు, మంచి చెవి ఉంటే మావయ్య లాంటివాళ్ళు శబ్దం విని సరిచేసేవారు. కానీ బయటి దేశాల్లో అప్పటికే కథ మారింది. అమెరికాలో పొగ మీద చట్టాలు రావడంతో 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600కి బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. 1976లో వోల్వో కార్లలో లాంబ్డా సెన్సర్ వచ్చింది. పొగలోని ఆక్సిజన్ చూసి, ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి ఉండేలా ప్రతి క్షణం సర్దాలి. అది చెవికి అందే పని కాదు. 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో ఇంజెక్షనూ, స్పార్కూ రెండూ ఒకే కంప్యూటరు చేతికొచ్చాయి.

మన దగ్గర ఆ పని చేసింది సుప్రీంకోర్టు. ఢిల్లీ కాలుష్యం కేసులో 1999 ఏప్రిల్లో తీర్పిచ్చి, అక్కడ యూరో నిబంధనలు ముందుకు జరిపింది. 2000 ఏప్రిల్ నుంచి దేశమంతా మొదటి మెట్టు అమలైంది. 2020 ఏప్రిల్ నాటికి బీఎస్ 6కి వచ్చాం. ఎక్కడో ఢిల్లీ తీర్పు, ఇక్కడ అన్నవరం షెడ్డులో స్క్రూ డ్రైవరుని పక్కన పెట్టించింది.

సరే, డబ్బా ఎందుకు కాలింది? నిజానికి ఇది మొండి ఘటం. కారులో కరెంటు మన ఇంటి కరెంటు కన్నా దారుణం. స్టార్టర్ తిరిగేటప్పుడు 12 వోల్టులు సగానికి పడిపోవచ్చు. ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుండగా బ్యాటరీ వైరు ఊడితే, క్షణంలో ఎనభై వోల్టుల దాకా ఎగరొచ్చు. దీన్ని లోడ్ డంప్ అంటారు. లారీ బ్యాటరీలతో జంప్ స్టార్ట్ చేసేవాళ్ళు ఉంటారని, 24 వోల్టులు ఒక నిమిషం తట్టుకోవాలని ఐఎస్ఓ 16750లో పరీక్ష కూడా పెట్టారు.

మరి నా 24కి ఏమైంది? పాత చార్జర్లో ఉండేది ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, అంతే. బ్యాటరీ తగిలిస్తే అలలు అణుగుతాయి. ఖాళీగా వాడితే సెకనుకి వందసార్లు శిఖరం 34 వోల్టుల దాకా పోతుంది. లోపలి రక్షణ డయోడ్ మిల్లీసెకన్ల దెబ్బ మింగడానికి పెట్టింది, ఆగని దెబ్బకి కాదు.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. ఆ కారు వైరింగ్ డయాగ్రం లేకుండా ఒక్క పిన్ను కూడా ముట్టుకోను. ముఖ్యమైనవి మూడు: ఎప్పుడూ ఉండే బ్యాటరీ ప్లస్, తాళం తిప్పితే వచ్చే ప్లస్, గ్రౌండ్. జర్మన్ లెక్కలో 30, 15, 31. గ్రౌండులు ఎన్నుంటే అన్నీ కలపాలి. చాలా కార్లలో ఈసీయూ తానే మెయిన్ రిలే లాగి అసలు కరెంటు తెచ్చుకుంటుంది, కాబట్టి బల్ల మీద కూడా ఒక రిలే పెట్టాలి. కరెంటు లిమిట్ ఉన్న బెంచ్ సప్లై, 13 వోల్టుల చుట్టూ, లిమిట్ అర ఆంపియర్ దగ్గర మొదలు. ఫ్యూజు తప్పదు. సప్లై ఆన్‌లో ఉండగా కనెక్టర్ పెట్టడం, తీయడం చేయకూడదు. ఇంజెక్టర్ పిన్నుల జోలికి వెళ్ళొద్దు, కొన్ని డీజిల్, డైరెక్ట్ ఇంజెక్షన్ డబ్బాలు లోపలే 65 వోల్టులు, అంతకన్నా ఎక్కువ తయారుచేసుకుంటాయి.

ఆపేటప్పుడు ముందు తాళం వైరు తీసి, రిలే తనంతట తాను టక్‌మనేదాకా ఆగాలి. నేర్చుకున్న విలువలు అప్పుడే రాసుకుంటుంది. డేటాబేస్ రాస్తుండగా సర్వర్ ప్లగ్గు పీకం కదా, ఇదీ అంతే.

మొన్న సెలవులకి కొత్త సప్లై పట్టుకెళ్ళి కరెంటు లిమిట్ గురించి మావయ్యకి ఉపన్యాసమిచ్చా. అంతా విని, గోడకున్న హెడ్‌లైటు బల్బు చూపించాడు. "సిరీస్ బల్బు చేసేదీ ఇదేగా అల్లుడూ. ఎక్కువ కరెంటు లాగితే అది వెలిగి చెబుతుంది. ముప్పై ఏళ్ళుగా వాడుతున్నా."

ఆ రోజు ఆ బల్బు మధ్యలో ఉంటే డబ్బా కచ్చితంగా బతికేదని అనలేను గానీ, ముందే వెలిగి నన్ను హెచ్చరించేది. చార్జర్ తీసేముందు ఆయన్ని ఒక్కమాట అడిగి ఉండాల్సింది. అడగలేదు, ఎందుకంటే అది కంప్యూటరు, నేనేమో ఇంజనీరుని.