క్రైటీరియన్ కలెక్షన్

క్రైటీరియన్ కలెక్షన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరం కేంద్రంగా పనిచేస్తున్న చలనచిత్ర ప్రచురణ సంస్థ. వివిధ దేశాల కళాత్మక చిత్రాలను, అలనాటి ఉత్తమ చిత్రాలను లభ్యమైనంతలో మేలైన ప్రతుల నుండి పునరుద్ధరించి, ఇంటిలో చూడడానికి వీలుగా డిస్కుల రూపంలో విడుదల చేయడం దీని ప్రధాన కార్యం. చలనచిత్రోత్సవాలకు, ఫిల్మ్ సొసైటీలకు దూరంగా ఉన్న ప్రేక్షకులకు ఇటువంటి చిత్రాలను చేరువ చేసిన సంస్థలలో ఇది ముఖ్యమైనది.

చరిత్ర

ఈ సంస్థ 1984లో స్థాపించబడింది. మొదట విడుదల చేసిన చిత్రాలు సిటిజన్ కేన్ (1941), కింగ్ కాంగ్ (1933). ఇవి లేజర్ డిస్కులపై వెలువడ్డాయి. బెర్గ్‌మన్, ఫెలినీ, కురొసావా వంటి దర్శకుల చిత్రాలను అమెరికాలో పంపిణీ చేసిన జానస్ ఫిలిమ్స్ (స్థాపన 1956) సంస్థతో దీనికి సన్నిహిత సంబంధం ఉంది. 1998 నుండి డి.వి.డి.లు, 2008 నుండి బ్లూ-రే డిస్కులు, 2021 నుండి 4కె డిస్కులు విడుదలయ్యాయి. 2019 ఏప్రిల్‌లో క్రైటీరియన్ ఛానెల్ అను అంతర్జాల ప్రసార సేవ ప్రారంభమైంది.

ప్రత్యేకతలు

కింగ్ కాంగ్ డిస్కులోని రెండవ ధ్వనిమార్గంలో చలనచిత్ర చరిత్రకారుడు రోనాల్డ్ హేవర్ వ్యాఖ్యానం చేర్చబడింది. చిత్రం నడుస్తుండగా దాని నిర్మాణ విశేషాలను వివరించే ఈ పద్ధతిని తరువాత ఇతర సంస్థలు కూడా అనుసరించాయి. వెడల్పాటి తెరకు తీసిన చిత్రాలను టెలివిజన్ కొలతకు తగినట్లు రెండు ప్రక్కలా కత్తిరించకుండా, పైన, క్రింద నల్లని పట్టీలు ఉంచి పూర్తి దృశ్యాన్ని చూపడం మరొక విశేషం.

అపూ చిత్రత్రయం

సంస్థ చేపట్టిన పునరుద్ధరణలలో సత్యజిత్ రాయ్ చిత్రాలైన పథేర్ పాంచాలీ (1955), అపరాజితో (1956), అపూర్ సంసార్ (1959) ముఖ్యమైనవి. 1992లో రాయ్‌కు గౌరవ ఆస్కార్ పురస్కారం ప్రకటించిన సందర్భంలో ఆయన చిత్రాల ప్రతులు శిథిలావస్థలో ఉన్నట్లు తెలియవచ్చింది. బాగుచేయడానికి మూల నెగటివులను లండన్‌లోని ఒక ప్రయోగశాలకు పంపగా, 1993 జూలైలో జరిగిన అగ్నిప్రమాదంలో అవి తీవ్రంగా దెబ్బతిన్నాయి. అయితే కాలిన రీళ్ళను పారవేయక, అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్‌లో భద్రపరిచారు.

ఇరవై సంవత్సరాల అనంతరం, 2013లో, క్రైటీరియన్ సంస్థ అకాడమీతో కలిసి పని ప్రారంభించింది. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన లిమ్మాజినె రిత్రొవాతా ప్రయోగశాల నిపుణులు పెళుసుబారిన ఫిల్ముకు తిరిగి తేమ పట్టించి, అంచుల రంధ్రాలను సరిచేసి, కరిగి అంటుకొన్న టేపును, జిగురును తొలగించారు. చేతిపనికే సుమారు వేయి గంటలు పట్టింది. ఈ కృషితో పథేర్ పాంచాలీలో సుమారు 40 శాతం, అపరాజితోలో 60 శాతానికి పైగా మూల నెగటివుల నుండే లభించింది. అపూర్ సంసార్ నెగటివులు ఉపయోగపడలేదు. కొరవడిన భాగాలకు ఇతర సంస్థలు భద్రపరచిన ప్రతులను వాడారు. పథేర్ పాంచాలీ తొలి ప్రదర్శన 1955 మే నెలలో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయంలో జరిగింది. సరిగా అరవై ఏళ్ళకు, 2015 మే నెలలో, పునరుద్ధరించిన చిత్రం అక్కడనే ప్రదర్శితమైంది. అదే సంవత్సరం నవంబరులో బ్లూ-రే వెలువడింది.

భారతదేశంలో లభ్యత

అమెరికాలో విడుదలయ్యే డిస్కులు సాధారణంగా ఆ ప్రాంతపు సంకేతంతో ఉంటాయి. బ్లూ-రేలకు అమెరికా 'ఎ' ప్రాంతం, భారతదేశం 'సి' ప్రాంతం. కనుక వీటిని ఇక్కడ చూడడానికి అన్ని ప్రాంతాల డిస్కులను ఆడించగల పరికరం అవసరం. ఉపశీర్షికలు సాధారణంగా ఆంగ్లంలోనే ఉంటాయి. అందువల్ల బెంగాలీ చిత్రాన్ని చూడదలచిన తెలుగు ప్రేక్షకుడు కూడా ఆంగ్లంపైననే ఆధారపడవలసి ఉంటుంది.