ఆనంద్‌లో ఆగిపోయిన ఇంజనీరు

పెట్టె సర్దడం అయిపోయింది. రాజీనామాను ఢిల్లీ ఒప్పుకుంది. 1949 చివరి రోజులవి. గుజరాత్‌లోని ఆనంద్ అనే చిన్న ఊళ్లో, ప్రభుత్వ క్రీమరీలో ఇంజనీరుగా చేస్తున్న ఇరవై ఎనిమిదేళ్ల మలయాళీ యువకుడికి ఇక ఆ ఊరితో పని లేదు. ఆ దుమ్ము, ఆ ఒంటరితనం, రోజంతా పనిలేక కూర్చోవడం అన్నీ వదిలిపోతున్నాయి. ముందు బొంబాయి, ఆ తర్వాత ఎక్కడైనా మంచి ఉద్యోగం.

సరిగ్గా అప్పుడు తెల్లటి ఖాదీ బట్టలు, తలమీద గాంధీ టోపీతో ఒక పెద్దమనిషి వచ్చారు. వయసులో పద్దెనిమిదేళ్లు పెద్ద. ఎక్కువ మాట్లాడలేదు. మీరు చెప్పారనే కదా అప్పు చేసి కొత్త యంత్రం తెప్పించాం, దాన్ని బిగించి నడిపించేదాకా అయినా ఉండిపోండి, రెండు నెలలు చాలు అన్నది ఆయన మాటల సారాంశం.

ఆ యువకుడు వర్గీస్ కురియన్. వచ్చిన పెద్దమనిషి త్రిభువన్‌దాస్ కిషీభాయ్ పటేల్, ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘానికి అధ్యక్షులు. కురియన్ పెట్టె విప్పారు. రెండు నెలల కోసం ఆగిన మనిషి మళ్లీ ఆనంద్ వదలలేదు. 2012లో కన్నుమూసేదాకా ఆ ఊరే ఆయన ఊరు.

తర్వాత అమూల్‌గా పేరుపడిన ఆ సంఘం కథను పాల డబ్బాల కథగా, వెన్న ప్రకటనల కథగా, దేశాభివృద్ధి కథగా చాలామంది చెప్పారు. నాకు మాత్రం ఇది ఇద్దరు మనుషుల మధ్య నిలిచిన నమ్మకం కథగా కనిపిస్తుంది. ఇద్దరి మధ్యా పోలికే లేదు. ఒకరు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చిన గాంధేయవాది, ఊరూరా కాలినడకన తిరిగే రైతు నాయకుడు. ఇంకొకరు మద్రాసు లయోలా, గిండీ కళాశాలల్లో చదివి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, డెయిరీ చదువు కోసం పంపితే లోహశాస్త్రం మీద మనసు పెట్టుకుని వచ్చినవారు. ఆ స్కాలర్‌షిప్ బాండ్ వల్లే 1949 మే 13న, శుక్రవారం నాడు, ఆనంద్ స్టేషన్లో దిగాల్సి వచ్చింది. పెళ్లికాని వాడు, క్రైస్తవ కుటుంబం, పైగా మాంసం తింటాడు. ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. ఒక గ్యారేజీని శుభ్రం చేసుకుని అందులో కాపురం పెట్టారు.

సంఘానికి అప్పటికి మూడేళ్లు. ఆ పుట్టుకలోనే పోరాటం ఉంది. ఖేడా రైతుల పాలు బొంబాయికి వెళ్లేవి, డబ్బు మాత్రం పోల్సన్ అనే డెయిరీ కంపెనీ చుట్టూ చేరిన దళారుల దగ్గర ఆగిపోయేది. రైతులు సర్దార్ పటేల్ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. దళారిని తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు, పాల సేకరణ, శుద్ధి, అమ్మకం మీ చేతుల్లోకే తెచ్చుకోండి, దానికోసం నష్టపోవడానికి సిద్ధపడండి అన్నది సర్దార్ సలహా. ఆయన పంపిన మొరార్జీ దేశాయ్ సమక్షంలో 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో సభ జరిగింది. ఆ తర్వాత పదిహేను రోజుల పాటు ఆ జిల్లా రైతులు వర్తకుడికి చుక్క పాలు పొయ్యలేదు. గేదెలు రోజూ ఇస్తూనే ఉంటాయి, పాలు నిలవుండవు. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ పదిహేను రోజుల బరువు ఎంతో విడమర్చి చెప్పక్కర్లేదు. నగరానికి పాలందక బొంబాయి ప్రభుత్వం దిగివచ్చింది. 1946 డిసెంబర్ 14న సంఘం రిజిస్టర్ అయింది. రెండు గ్రామాల సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్లు. అంతే మొదలు.

ఆ సంఘానికి సొంత కట్టడం లేదు, సొంత యంత్రాలు లేవు. కురియన్ పనిచేసే ప్రభుత్వ క్రీమరీలోనే కొంత భాగం, కొన్ని పాత యంత్రాలు అద్దెకు తీసుకున్నారు. అవి మాటిమాటికీ మొరాయించేవి. త్రిభువన్‌దాస్ వచ్చి కురియన్‌ని బతిమాలేవారు, కురియన్ వెళ్లి బాగుచేసేవారు. మళ్లీ పాడయ్యేవి. చివరికి విసిగిపోయిన కురియన్, ఈ పాత సామాను అవతల పారేసి కొత్త పాశ్చరైజర్ కొనుక్కోండి, లేకపోతే మీ పాలన్నీ విరిగిపోతాయి అని తేల్చిచెప్పారు. త్రిభువన్‌దాస్ వాదించలేదు. బంధువు దగ్గర అప్పు తెచ్చి ఆ డబ్బు కురియన్ చేతిలోనే పెట్టారు. బొంబాయిలోని లార్సెన్ అండ్ టుబ్రో నుంచి యంత్రం వచ్చింది.

ఈ కథకు అసలు మలుపు ఇక్కడే ఉందని నా నమ్మకం. ఉద్యోగం వదిలి పోవడానికి ఎదురుచూస్తున్న ఒక ప్రభుత్వ ఇంజనీరు, తన సంఘానికి ఏమీ కాని మనిషి, ఒక మాట అంటే ఆ మాట మీద అప్పు చేశారు త్రిభువన్‌దాస్. ఆ డబ్బు రైతులదని ఆయనకు తెలుసు. యంత్రం పనిచెయ్యకపోతే మాట పడేది తానేనని కూడా తెలుసు. నమ్మకమనేది ముందు ఒకరు పెట్టాల్సిన పెట్టుబడి. ఆయన ముందే పెట్టేశారు. అందుకే 1949 చివర రెండు నెలలు ఉండమని అడిగినప్పుడు కురియన్‌కి కాదనే దారి లేకపోయింది.

తర్వాత కురియన్ సంఘానికి మేనేజర్ అయ్యారు. వాళ్లిద్దరూ పని పంచుకున్న తీరు నేటి వ్యాపార భాగస్వాములు కూర్చుని చదవాల్సినంత గొప్పది. రైతులు, గ్రామ సంఘాలు, రాజకీయాలు త్రిభువన్‌దాస్‌వి. ప్లాంటు, ఉద్యోగులు, మార్కెట్, బయటివాళ్లతో బేరాలు కురియన్‌వి. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టలేదు. అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్నకు ఇద్దరి దగ్గరా ఒకటే జవాబుంది: ఈ డబ్బు ఎవరిది? రైతుది. ఆ జవాబు ఒక్కటే కావడంతో మతం, తిండి, భాష, నడవడిక వంటి మిగతా తేడాలన్నీ చిన్నవైపోయాయి. స్వామికార్యంతో పాటు స్వకార్యమూ చక్కబెట్టుకునే అలవాటు ఇద్దరికీ లేదు.

మాట మంచిదైతే చాలదు, నిలబెట్టుకునే దారీ ఉండాలి. అది ఎంత కష్టమో చలికాలం నేర్పింది. చలికాలంలో గేదెలు వేసవికన్నా చాలా ఎక్కువ పాలిస్తాయి. సంఘం పాలు కొనే బొంబాయి ప్రభుత్వ పాల పథకం మాత్రం తనకు కావలసినంతే తీసుకునేది. మిగిలిన పాలు ఏం చెయ్యాలి? రైతును వెనక్కి పంపితే అతను మళ్లీ దళారి గుమ్మం ఎక్కుతాడు. సభ్యుడు తెచ్చిన మంచి పాలను ఏ పూటా వద్దనకూడదన్నది సంఘం పెట్టుకున్న నియమం. ఆ నియమం నిలవాలంటే మిగులు పాలను పొడి చెయ్యాలి. గేదె పాలను పొడి చెయ్యడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు కొట్టిపారేశారు. ఆవు పాలే వాళ్లకు తెలుసు, వాళ్ల యంత్రాలూ ఆవు పాలకోసమే పుట్టాయి.

అప్పుడు మూడో మనిషి రంగంలోకి వచ్చారు. హరిచంద్ మేఘా దలాయా, మిషిగన్‌లో కురియన్‌కి తోటి విద్యార్థి, అసలైన డెయిరీ నిపుణులు. కురియన్ ఒప్పించి ఆనంద్‌లో ఉంచేశారు. గోడలకు రంగు కొట్టే స్ప్రే గన్, గాలిని వేడిచేసే ఒక హీటర్ పట్టుకుని దలాయా గేదె పాలను పొడిగా రాల్చి చూపించారు. యూనిసెఫ్ యంత్రాలు ఇచ్చింది, బదులుగా జిల్లా పిల్లలకు ఉచితంగా పాలు పొయ్యాలన్నది ఒప్పందం. 1954 నవంబర్‌లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. ఏడాది తిరక్కుండా 1955 అక్టోబర్ 31న, సర్దార్ పుట్టినరోజు నాడు, నెహ్రూ ఆ డెయిరీని ప్రారంభించారు. రైతుకిచ్చిన మాట కోసం ఒక సాంకేతికత పుట్టింది. వరుస తలకిందులై ఉంటే, అంటే ముందు యంత్రం, తర్వాత రైతు అయి ఉంటే, ఆ పొడి ఎవరో ఒక కంపెనీ లాభంగా మిగిలేది.

ప్రతి బంధమూ కుదరలేదు. 1956లో కురియన్ స్విట్జర్లాండ్‌లోని నెస్లే కార్యాలయానికి వెళ్లారు. కండెన్స్‌డ్ మిల్క్ దిగుమతి తగ్గించి ఇక్కడే, మన పాలతో, మన మనుషులతో తయారుచెయ్యమని అడిగారు. అంత సున్నితమైన పని స్థానికుల చేతుల్లో పెట్టలేమని వాళ్లన్నారనీ, తాను లేచి వచ్చేశాననీ ఆత్మకథలో రాసుకున్నారు. ఆ తర్వాత ఆనంద్‌లోనే కండెన్స్‌డ్ మిల్క్ తయారైంది. నెస్లేకి డబ్బూ పేరూ రెండూ ఉన్నాయి. పాలుపోసే మనిషి మీద గౌరవం విషయంలోనే ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

పదేళ్ల తర్వాత బొంబాయిలో ఇంకో బంధం పుట్టింది. 1966లో వెన్న ప్రకటనల పనిని సిల్వెస్టర్ డకూన్హా చూసే ఏజెన్సీకి ఇచ్చారు. చుక్కల గౌను వేసుకున్న పాపను చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ గీశారు. వారం వారం మారే హోర్డింగులు కావాలంటే ప్రతిదీ ఆనంద్ పంపి అనుమతి తెచ్చుకుంటూ కూర్చుంటే కుదరదు. కురియన్ ఆ షరతే తీసేశారు. నాకు చూపించక్కర్లేదు, మీకు సరైనదనిపిస్తే వేసెయ్యండి అన్నట్టే వదిలేశారు. త్రిభువన్‌దాస్ ఒకనాడు తన విషయంలో చేసిందే ఆయన ఇంకొకరి విషయంలో చేశారు. సిల్వెస్టర్ 2023లో పోయారు. ఆ పని అంతకుముందే వాళ్ల అబ్బాయి రాహుల్ చేతికి వచ్చింది, పాప ఇంకా హోర్డింగుల మీదే ఉంది.

మన వైపు ఆనంద్ పద్ధతి జాడ వెతకాలంటే దూరం పోనక్కర్లేదు. పొద్దున్నే పాల కేంద్రంలో వెన్న శాతం చూసి, పుస్తకంలో రాసి, ఇంతకింత అని లెక్కకట్టే పద్ధతి 1970లో మొదలైన దేశవ్యాప్త పాల పథకం ఆపరేషన్ ఫ్లడ్‌తో ఊళ్లకు పాకింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ పెత్తనం లేని సంఘాలకు దారి తెరిచింది. ఆ దారిలోనే 2000లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా ములుకనూరులో ఆడవాళ్లే యజమానులుగా పాల డెయిరీ లేచింది. అక్కడి అక్కలు ఏ విదేశంలోనూ మేనేజ్‌మెంట్ చదవలేదు. పాలు పోసినవాళ్లదే డబ్బు అన్న జవాబు వాళ్ల దగ్గరా ఉంది.

ఆనంద్ కథంతా మెత్తగా సాగిందని చెప్తే అబద్ధమవుతుంది. కురియన్ మాట కరుకు, పట్టుదల ఎక్కువ. తాను నాటిన సంస్థల్లోనే తర్వాతి తరంతో పొసగలేదు. 1973 నుంచి నడిపిన గుజరాత్ పాల మార్కెటింగ్ సమాఖ్య అధ్యక్ష పదవిని 2006లో వదులుకున్నారు. అప్పటికి త్రిభువన్‌దాస్ పోయి పన్నెండేళ్లు. ఆయన ఉండి ఉంటే ఏం జరిగేదో అనిపిస్తుంది నాకు. విలువలు కాగితం మీద ఉంటే చాలవు, వాటిని పట్టుకున్న ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి.

మళ్లీ వెనక్కి వెళ్తే, 1963లో కురియన్, త్రిభువన్‌దాస్, బొంబాయి పాల కమిషనర్ దారా ఖురోడీ ముగ్గురికీ కలిపి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. డెబ్బైల మొదట్లో త్రిభువన్‌దాస్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. గ్రామ సంఘాల సభ్యులు తలా ఒక రూపాయి వేసుకుని ఆరు లక్షలకు పైగా పోగుచేసి ఆయనకు బహూకరించారు. తనకోసం ఒక్క రూపాయీ ఉంచుకోలేదాయన. ఆ సొమ్ముతో పల్లెల ఆరోగ్యం కోసం త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ పెట్టారు. అది పాల సంఘాల ఆసరాతోనే ఖేడా పల్లెల్లోకి వెళ్లింది. ఊరిలోని ఒక ఆడమనిషికి శిక్షణ ఇచ్చి, గర్భిణుల బాగోగులూ పసిపిల్లల బాగోగులూ ఆమెకు అప్పగించింది.