ఈవెంట్

తెలుగునాట ఈవెంట్ అనగానే సినిమావాళ్ల ప్రీ రిలీజ్ హడావుడో, పెళ్లి మండపం అలంకరించే ఈవెంట్ వాళ్లో గుర్తొస్తారు. లాటిన్‌లో దీని మూలానికి అర్థం 'బయటికి రావడం'. అందులోంచి పర్యవసానం, ఆపైన సంఘటన. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్ల ఈవెంట్ మాత్రం చీమ తలకాయంత: వాట్సాప్ తెర మీదికొస్తే ఒకటి, వెనక్కెళ్తే ఇంకొకటి. 2014 నాటి ఆండ్రాయిడ్ 5.0 లాలీపాప్ నుంచి, యాప్‌ల వాడకం లెక్కలు చెప్పే యూసేజ్‌స్టాట్స్‌మేనేజర్‌ని అడిగితే ఇవి వరసగా చేతికొస్తాయి, ప్యాకేజీ పేరు, రకం, టైమ్‌స్టాంప్‌తో సహా. ఫోన్ యజమాని సెట్టింగ్స్‌లో యూసేజ్ యాక్సెస్ అనుమతి ఇస్తేనే సుమా! 'మూవ్ టు ఫోర్‌గ్రౌండ్' అనే రకాన్ని ఆండ్రాయిడ్ 10లో 'యాక్టివిటీ రెజ్యూమ్డ్' అన్నారు. పాత పేరే నయం, చదవగానే బోధపడేది. కోడ్‌లో ఆ రకాన్ని సూచించే అంకె మాత్రం అప్పుడూ ఇప్పుడూ 1. ఈ ఈవెంట్లను సిస్టమ్ కొద్ది రోజులే దాచి, తర్వాత చెరిపేస్తుంది.