వామనవృక్షం: హింసా? సంస్కారమా?

పళ్ళెంలో ఒదిగిన మర్రిని చూచి కొందరు వృక్షహింస అని ఖేదపడతారు. మరికొందరు ఇది మన ఋషుల విద్యయేనని, జపానీయులు మన నుండే గ్రహించారని గర్విస్తారు. ఈ రెండు వాదాలనూ చరిత్ర ఎదుట నిలిపి పరిశీలించాలి.

బోన్సాయ్ అంటే జపాను భాషలో పళ్ళెంలో నాటినది అని అర్థం. దాని మూలం చైనాలోని పెన్‌జింగ్ కళ. క్రీ.శ. 706 నాటి చాంగ్‌హ్వై రాకుమారుని సమాధి కుడ్యచిత్రాలలో, చిన్న శిలలూ మొక్కలూ అమర్చిన పళ్ళెం మోస్తున్న పరిచారకులు కనిపిస్తారు. బౌద్ధభిక్షువుల రాకపోకలతో ఆ కళ జపాను చేరింది. 1309 నాటి జపాను చిత్రపటంలో కుండీవృక్షాలు ఉన్నాయి. ఇటువంటి కాలనిర్ణయం గల సాక్ష్యం చూపకుండా వారిని మన శిష్యులనడం శ్రద్ధ కాదు, అహంకారం.

మన ఘనత వేరొకచోట ఉంది. అది వృక్షాయుర్వేదం. వాత్స్యాయనుడు 64 కళలలో దానిని పరిగణించాడు. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దానికొక అధ్యాయం కేటాయించాడు. సురపాలుడు వాత పిత్త కఫ దోషాలను వృక్షాలకు సైతం అన్వయించాడు. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో నిలిచిన సురపాలుని వ్రాతప్రతిని 1996లో ప్రకటించినది సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్. ఆంగ్లానువాదం చేసిన విదుషి నళినీ సాధలే, మన వారాసిగూడకు చేరువలోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యులుగా పనిచేశారు.

కత్తెర పట్టేవారికి వరాహమిహిరుని చికిత్సాక్రమం స్మరణీయం. రోగగ్రస్తమైన భాగాన్ని ముందుగా శస్త్రంతో శోధించాలి. పిదప వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూయాలి. పాలు కలిపిన నీటితో తడపాలి. ఛేదనం వెంటనే ఉపచారం: ఇదే ఆ శాస్త్రహృదయం.

దీనికి ఉపనిషత్తులో ఆధారం ఉంది. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు ఉపదేశిస్తాడు: మహావృక్షాన్ని మొదటనో నడుమనో కొసనో కొట్టినా అది జీవిస్తూనే రసం స్రవిస్తుంది, జీవం విడిచిన కొమ్మ మాత్రం ఎండిపోతుంది. మర్రికొమ్మ తుంచగానే కారే పాలు ఆ వాక్యానికి ప్రత్యక్షభాష్యం.

కనుక ప్రారంభకులు ఈ క్రమం పాటించాలి. మర్రి, రావి, జువ్వి వంటివి ఓర్పుగల వృక్షాలు. వాటితో ఆరంభించడం మేలు. మన భాగ్యనగరంలో వైశాఖపు ఎండలో కొమ్మలు కత్తిరించరాదు. తొలకరి తరువాత కొత్త చిగుళ్ళు వేసే వేళ అనుకూలం. తొలుత ఎండుకొమ్మలు, పిదప ఒకదానికొకటి అడ్డుపడే కొమ్మలు తొలగించాలి. పరికరం పదునుగా, శుభ్రంగా ఉండాలి. కుండీ మార్చేటప్పుడు వేళ్ళలో మూడవవంతుకు మించి కోయరాదు. వంపు కోసం చుట్టిన అల్యూమినియం తీగను బెరడులోకి దిగకముందే విప్పాలి. వేళ్ళు కోసిన తరువాత వెంటనే తీగ బిగించడం మొక్కకు ద్విగుణభారం.

ఇక హింస అన్న ఆక్షేపం. బోన్సాయ్ మర్రి బీజస్వభావంలో మరుగుజ్జు కాదు. వామనుడు త్రివిక్రముడైనట్లు, నేలలో నాటితే అది మరల విస్తరిస్తుంది. మానవుడు అణచినది రూపాన్నే, బీజశక్తిని కాదు. అయినా బాధ్యత తీరదు. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఇరవై హస్తాల దూరం ఉత్తమమని, వేళ్ళు పెనవేసుకున్న చెట్లు చక్కగా ఫలించవని వరాహమిహిరుడే చెప్పాడు. అంతటి విస్తారాన్ని జానెడు మట్టికి కుదించినవాడు, భూమి చేయవలసిన సేవ తానే చేయడానికి ఋణపడ్డాడు. వేసవిలో రెండు దినాలు నీరు మరచినా ఆ ప్రాణం నిలవకపోవచ్చు. ఆ ఋణం నిత్యం తీర్చగలిగితే కత్తిరింపు సంస్కారం. తీర్చలేకపోతే ఎంత అందమైన వంపైనా హింసయే.