దిండు గలీబు — లెక్కకు రాని చేతిపని



రాజుల యుద్ధములు, రాజ్యముల యుత్థానపతనములు మాత్రమే చరిత్రయని మనము బాల్యమున వల్లించితిమి. దిండు గలీబునకును చరిత్ర కలదనిన మీలో కొందఱు నవ్వవచ్చును. కాని యొక వస్తువు ఎచ్చట పుట్టినది, ఎవరి చేతులమీదుగా మన యింటికి వచ్చినది, దానిని చేసినవారికి దక్కిన ఫలమేమి అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పునదియు చరిత్రయే. హైదరాబాదు నగరమున అబిడ్స్ అంగళ్లలోను, నాంపల్లి ప్రదర్శనమునందును మనము చూచుచుండు అల్లిక గలీబు నాధారముగా గొని ఈ మూడు ప్రశ్నలను విచారింతము.

మొదట పేరును చూతము. గలీబు అను మాటను మన పల్లెలలో అక్షరజ్ఞానము లేని ముసలమ్మయు పలుకును. అది అరబ్బీ భాషలోని గిలాఫ్ అను మాటకు తెలుగు రూపము. తొడుగు అని యర్థము. పారసీకమునను ఉర్దూలోను సంచరించి మన దిండ్లమీదికి వచ్చి యిచ్చటనే స్థిరపడినది. అబిడ్స్ అను పేరును అట్టిదే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువున ఆల్బర్ట్ అబిద్ అను ఆర్మీనియా దేశస్థుడు ప్రభువు దుస్తులను కనిపెట్టి చూచు పరిచారకుడుగా నుండెను. ఆయన ఆ ప్రాంతమున నొక పెద్ద యంగడిని పెట్టగా, అంగడి పేరే పేటకు పేరైనది. పరదేశపు మాటయు, పరదేశపు మనిషియు మన నోట నలిగి మనవారైనట్లే, పరదేశపు చేతిపనియు మన స్త్రీల వ్రేళ్లలో నలిగి మనదైనది.

అల్లిక యనగా నేమి? నేతకు పడుగు, పేక అను రెండు దారముల వరుసలు కావలెను, మగ్గము కావలెను. అల్లికకు ఒక్క దారమును, నున్నని రెండు పుల్లలును చాలును. ఒక పుల్లమీద ఉచ్చులు వరుసగా నుండును. రెండవ పుల్లతో ఒక్కొక్క ఉచ్చులోనుండి క్రొత్త ఉచ్చును లాగుచు పోవలెను. క్రొత్త ఉచ్చును మన వైపునకు లాగినచో సూటి కుట్టు. అవతలి వైపునకు నెట్టినచో తిరుగు కుట్టు. సూటి కుట్టు జడపాయవలె నున్నగా కనబడును. తిరుగు కుట్టు జొన్నగింజవలె ఉబ్బి కనబడును. నిజమునకు ఇవి రెండును ఒక్క కుట్టునకే ముందు వెనుకలు. ఈ రెండింటిని కలిపి కూర్చుటవలననే, వేఱు రంగు దారము లేకుండ, వెలుగు నీడల చేతనే గుడ్డమీద మిట్టపల్లములు ఏర్పడును. చేతితో తడిమినను చిత్రము తెలియును.

ఒక్క గలీబు నుదాహరణముగా తీసికొందము. పలకయు బలపమును దగ్గఱ నున్నచో లెక్క వేసికొనుడు. దిండు ఒక్కొక్క వైపున 16 అంగుళములున్నదనుకొందము. గలీబు బిగువుగా నుండవలెను గనుక 15 అంగుళములకే అల్లవలెను. మన యెండలకు ఉన్నికన్న లావుపాటి నూలుదారము మేలు. అంగుళమునకు 5 ఉచ్చులు వచ్చు దారమైనచో 75 ఉచ్చులతో మొదలిడవలెను. ఐదు సూటి, ఐదు తిరుగు చొప్పున మార్చుచు వరుసను నడపవలెను. మరలి వచ్చు వరుసలో, కంటికి సూటిగా కనబడుదానిని సూటిగాను, గింజగా కనబడుదానిని తిరుగుగాను అల్లవలెను. అంగుళమునకు 7 వరుసలు పట్టును. ఏడు వరుసలు కాగానే సూటి యున్నచోట తిరుగు, తిరుగున్నచోట సూటి యగునట్లు మార్చవలెను. ఇట్లు 105 వరుసలు ముగియునప్పటికి అడ్డముగా 15, నిలువుగా 15, మొత్తము 225 గళ్లు గల చదరంగపు బల్లవంటి ముఖము తేలును. అది చూచుటకు వెదురుబుట్ట యల్లికను పోలియుండును.

ఇక ఉచ్చులను లెక్కింతము. 75ను 105తో గుణింపగా 7,875. ఇది ఒక ముఖమునకు. రెండు ముఖములకును 15,750 ఉచ్చులు. చేయి తిరిగిన స్త్రీ నిమిషమునకు 30 ఉచ్చులు అల్లునని పెట్టుకొన్నను 525 నిమిషములు, అనగా 8 గంటల 45 నిమిషములు పట్టును. ఒక్క ఉచ్చు జాఱినచో విప్పి మరల అల్లు కాలమును, అంచులు కలిపి కుట్టు కాలమును ఇందు చేరలేదు. పొలమున నొక పూర్తి దినపు కూలికి ఇది యేమాత్రమును తక్కువ కాదు. ఈ లెక్కను జ్ఞాపకమందుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఈ విద్య ఎచ్చటిది? మనకు దొరకిన ప్రాచీనములైన అల్లిక వస్త్రములలో ప్రధానమైనవి ఈజిప్టు దేశపు నూలు మేజోళ్లు. సుమారు వేయి సంవత్సరముల నాటివి వానిలో కలవు. తెల్లని నూలులో నీలిరంగు దారము చేర్చి చిత్రములను కూర్చినవి అందు ప్రసిద్ధములు. అచ్చటినుండి అరబ్బుల వెంట ఈ విద్య స్పెయిను దేశమునకు పోయినది. ఆ దేశమున బర్గోస్ నగరపు మఠమొకదానియందు, 1275వ సంవత్సరమున మరణించిన ఫెర్నాందో అను రాకుమారుని సమాధిలో, పట్టుదారముతో నల్లిన దిండు గలీబులు దొరకినవి. ఐరోపాఖండమున నేటికి దొరకిన అల్లికలలో మిక్కిలి ప్రాచీనములలో నివి చేరును. క్రైస్తవ రాకుమారుని తలక్రింది గలీబుమీద ఆశీర్వచనార్థకమగు అరబ్బీ మాట అల్లబడి యున్నది. అది మహమ్మదీయ శిల్పుల చేతిపనియని పండితులు తలంతురు. రాజులు మతము పేర కలహించుకొనుచుండిన దేశమున, పనివాని చేయి కలహమునకు దూరముగా నుండినదని ఈ గలీబు సాక్ష్యము పలుకుచున్నది. ఆ పనివాని పేరు మాత్రము ఎవరును వ్రాసియుంచలేదు.

మొదటి అల్లికలలో మిట్టపల్లములు అరుదు, రంగుదారములే శోభ. తిరుగు కుట్టునకు స్పష్టమైన నిదర్శనము 1562లో దొరకును. ఆ సంవత్సరమున ఇటలీలో మరణించిన ఎలియనోరా అను డచ్చెస్ మేజోళ్లలో ఆ కుట్టు కానవచ్చుచున్నది. ఇన్ని శతాబ్దములుగా కుట్టు వెనుక భాగము కంటి యెదుటనే యున్నను, దానిని ముందునకు త్రిప్పి సౌందర్యముగా వాడుకొనుట ఆలస్యముగనే ప్రచారమునకు వచ్చినది. 1589లో ఇంగ్లండున విలియము లీ అను నతడు మేజోళ్లు అల్లు యంత్రమును కల్పించెను. బీదలైన చేతి అల్లికవారి కూడు పోవునని శంకించి ఎలిజబెత్తు రాణి అతనికి అధికారపత్రము నీయలేదని కథ చెప్పుదురు. కథ యెంత నిజమైనను, అల్లిక పొద్దుపుచ్చు వినోదము కాదనియు, కొందఱికి జీవనాధారమనియు ఆ కాలమువారు ఎఱిగియుండిరని దానివలన తెలియుచున్నది.

రెండు పుల్లల అల్లికకు చెల్లెలు కొక్కెపు సూది అల్లిక. దీనినే మనవారు లేసు అల్లిక యందురు. ఇందు ఒక్క సూది, దాని కొనయందు చిన్న కొక్కెము. వరుస అంతయు పుల్లమీద నుండదు. ఒక్క ఉచ్చే సూదిమీద నుండి గొలుసువలె సాగును. రెండు పుల్లల పనిని యంత్రము ఏనాడో నేర్చినది గాని, కొక్కెపు సూది పనిని అంగళ్లు నిండునంతగా చేయగల యంత్రము నేటికిని లేదు. కాబట్టి అంగడిలో నిజమైన లేసు గలీబు కనబడినచో దాని వెనుక నొక స్త్రీ చేయి యున్నదని నిశ్చయింపవచ్చును.

తెలుగునాట ఆ చేయి ప్రధానముగా గోదావరి తీరమునది. నగరపు టంగడినుండి ఇప్పుడు మనము నరసాపురమునకు పోవలెను. 1845 మొదలు ఐర్లండు దేశమున ఉర్లగడ్డ పంట తెగులువలన నశించి ఘోరమైన కరువు రాగా, అచ్చటి సన్న్యాసినులు బీదస్త్రీలకు ఈ కొక్కెపు లేసును నేర్పి కూటికి దారి చూపిరి. ఆ శతాబ్దముననే గోదావరి తీరమున క్రైస్తవ ప్రచారకుల కుటుంబములు మన స్త్రీలకును దీనిని నేర్పిరి. భద్రాచలమునకు దాపున నున్న దుమ్ముగూడెమునను, సముద్రమునకు దాపున నున్న నరసాపురమునను ఈ విద్య వేరూనినది. మొదట మతము మారిన బీదకుటుంబముల స్త్రీలు నేర్చిరి. పిదప గడప దాటి పనికి పోవుట పరువుతక్కువయని తలంచు కాపు కుటుంబముల స్త్రీలును నేర్చిరి. గడప లోపలనే కూర్చుండి చేయదగిన పని యగుటయే దాని వ్యాప్తికి కారణము. చూడబోవగా దాని కష్టమునకును అదియే కారణమైనది.

ఆ ప్రాంతమున చేతిపని, అతుకుపని అని రెండు మాటలు కలవు. ఒకతె పువ్వులను మాత్రమే అల్లును. మఱియొకతె ఆ పువ్వులను అతికి గలీబుగానో, బల్లగుడ్డగానో, పఱుపుమీది దుప్పటిగానో కూర్చును. దారమిచ్చువాడు వేఱు, సరకు పోగుచేయువాడు వేఱు, ఓడకెక్కించి పరదేశమునకు పంపువాడు వేఱు. పువ్వు నల్లిన స్త్రీకి పూర్తియైన గలీబు ఎట్లుండునో, అది యెంతకు అమ్ముడుపోవునో తెలియు మార్గము లేదు.

జర్మనీ దేశపు పండితురాలు మరియా మీస్ 1970 దశకము చివర నరసాపురమునకు వచ్చి ఈ స్త్రీల బ్రదుకును పరిశీలించి, 1982లో నొక గ్రంథమును ప్రకటించెను. ఆ స్త్రీలు ఇంటి చాకిరి యంతయు చేసికొనుచు, దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచుండిరి. అట్లయ్యు వారి సంపాదనము పొలము కూలికన్న తక్కువ. ఎందువలన? వారిని గృహిణులనిరే కాని పనివారనలేదు. వారి పనిని తీరికవేళ చేయు పని యనిరి. తీరికవేళ పనికి పూర్తి కూలి ఈయనేల యని వర్తకుడు తలంచెను. భర్తయు నట్లే తలంచెను. కొన్ని చోట్ల భార్య అల్లిన సరకును బజారునకు తీసికొనిపోయి, ఆ వర్తకమువలన భర్త పెద్దమనిషి యయ్యెను. జనాభా లెక్కలు వ్రాయువారును ఈ స్త్రీలను పనివారి పట్టికలో చేర్చుట అరుదు. ఆమె చెప్పినదానిలో సారము నాకు తోచినంతవరకు ఇంతయే: తీరిక అను నొక్క మాట వేలమంది కష్టమును కప్పివైచినది. అదియు నొక గలీబే.

ఇప్పుడు నాంపల్లికి మరలుదము. అచ్చటి పారిశ్రామిక ప్రదర్శనము 1938లో బాగేఆం తోటలో ఆరంభమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు దానికి పూనుకొనిరి. వారి యుద్దేశ్యమేమనగా, హైదరాబాదు రాజ్యమున ఆర్థిక పరిశీలనము జరుపుటకు కావలసిన ధనమును కూర్చుట. అనగా ఏ యూర ఏ పని జరుగుచున్నది, ఎవరికెంత లభించుచున్నది యని లెక్కించుటకై పుట్టిన జాతర యది. 1946లో నది నేటి స్థలమునకు మారినది. జనవరి మాసమున కాశ్మీరపు కుట్టుపని మొదలు మన పల్లెల పొదుపు సంఘముల చేతిపనివఱకు అచ్చట వరుసలు తీరియుండును. ఆ ప్రదర్శనమును నడపు సంఘము స్త్రీలకు కళాశాలలను సైతము స్థాపించినది. లెక్కకై పుట్టిన ఆ జాతరలో, గలీబు నెత్తి బేరమాడువారు ఎందఱో కలరు. అందలి ఉచ్చులను లెక్కించువారు మాత్రము అరుదు.

పూర్తిగా నిరాశపడ నక్కఱలేదు. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇతర ప్రాంతములవారు తమ సరకును ఆ పేరుతో అమ్మగూడదు. నరసాపురము చెంత రుస్తుంబాదలో లేసు పార్కును ఏర్పఱచి స్త్రీలకు శిక్షణ యిచ్చుటయు జరిగినది. పేరు దక్కినది, కూలి దక్కవలసి యున్నది. పేరు దక్కించుటకు ప్రభుత్వపు పత్రము చాలినది. కూలి దక్కించుటకు ఇంటింటను, ఊరూరను లెక్క తెలిసిన పెద్దలు కావలెను.

అందువలన గ్రామపెద్దలగు మీకు మూడు మాటలు విన్నవింతును. మీ యింట కోడలో, మనుమరాలో అల్లిక పట్టుకొని కూర్చున్నప్పుడు, ఊరకే కూర్చున్నదని యనకుడు. ఇంటి జమాఖర్చు పుస్తకమున పాడికి, పంటకు పద్దు పెట్టినట్లే ఆమె పనికిని నొక పద్దు పెట్టుడు. ఆ సొమ్ము ఆమె చేతికే చేరునట్లు చూడుడు. రెండవది, దారమిచ్చి సరకు తీసికొనిపోవు వర్తకుడు మీ యూరికి వచ్చినచో, గలీబు వెలను కాదు, గంట వెలను అడుగుడు. మనము వేసిన లెక్క ప్రకారము 8 గంటల 45 నిమిషముల పనికి అతడిచ్చునది పొలము కూలితో తూగునా యని విచారింపుడు. ఒక్కొక్క స్త్రీ విడివిడిగా నడిగిన అతడు వినడు. పదిమంది ఒక్కచోట చేరి, పూర్తియైన సరకు అమ్మకపు ధర తెలిసికొని యడిగినచో వినక తప్పదు. మూడవది, ఈ విద్యను ఆడపిల్లలకు మాత్రమే యని విడువకుడు. పాఠశాలలో గుణకారమును, వైశాల్యమును చెప్పునప్పుడు పై గలీబు లెక్కను బాలురకును చెప్పింపుడు. ఉచ్చులను తాను లెక్కించిన బాలుడు పెద్దవాడైన పిదప తల్లి కష్టమును తీరిక యనడు.

బర్గోసు సమాధిలోని గలీబునల్లినవాని పేరును చరిత్ర వ్రాసియుంచలేదు. ఏడువందల యేండ్లు గడచినవి గనుక ఇప్పుడు మనము చేయగలిగినది లేదు. కాని మన వీథిలో, మన యింటి పంచలో అల్లుచున్న ఆమె పేరు మనకు తెలియును. ఆమె పేరును, ఆమె పద్దును వ్రాయుటకు కలమును మన చేతనే యున్నది.