వకీలు క్రమశిక్షణ: బార్ కౌన్సిల్ అధికారం, న్యాయస్థానాల దృష్టి

1925లో ఏలూరు పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. తాడేపల్లిగూడెం రైతులు, కొల్లేటి లంక గ్రామాల వారు భూమి, చెరువుల వ్యాజ్యాలకు ఇక్కడి వకీళ్లను ఆశ్రయిస్తూ వచ్చారు. ఆ వకీలే తప్పు చేస్తే శిక్షించే అధికారం 1879 నాటి చట్టం ప్రకారం హైకోర్టుది. 1926 చట్టం విచారణలో బార్ కౌన్సిల్‌కు కొంత చోటిచ్చినా తుది నిర్ణయం హైకోర్టుకే మిగిలింది. ఆ హైకోర్టు 1954 వరకు మద్రాసులో, అటుపై గుంటూరులో, 1956 నుండి హైదరాబాదులో ఉండేది. సామాన్య కక్షిదారుకు ఏదీ దగ్గర కాదు.

1961 న్యాయవాదుల చట్టం ఈ అధికారాన్ని వృత్తి చేతికే అప్పగించింది. రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘం శిక్షిస్తుంది. అప్పీలు భారత బార్ కౌన్సిల్‌కు, ఆపైన సుప్రీంకోర్టుకు. మరి తన తీర్పును పైసంస్థ కొట్టివేస్తే రాష్ట్ర కౌన్సిల్ అప్పీలు చేయవచ్చునా? చేయవచ్చునని, అది ప్రజల పక్షాన వృత్తిగౌరవాన్ని కాపాడే సంస్థ అని 1975లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దభోల్కర్ కేసులో చెప్పింది.

ఆ హక్కు విలువ ఆంధ్రప్రదేశ్ కేసులో తెలిసింది. డిక్రీ అమలులో 14,600 రూపాయలు వసూలు చేసుకున్న న్యాయవాది దాన్ని డిక్రీదారుకు ఇవ్వలేదు. రాష్ట్ర కౌన్సిల్ అతని పేరును జాబితా నుండి తొలగించింది. భారత బార్ కౌన్సిల్ దాన్ని అజాగ్రత్తగా మాత్రమే పరిగణించి శిక్షను రద్దు చేసింది. రాష్ట్ర కౌన్సిలే అప్పీలుకు వెళ్లగా 2002లో సుప్రీంకోర్టు తొలగింపును పునరుద్ధరించింది. వృత్తి పైమెట్టున చూపిన మెతకదనాన్ని దిగువ మెట్టు సవరింపజేసిన అరుదైన సందర్భమిది.

1998లో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కేసు దీనికి మరో పార్శ్వం. కోర్టు ధిక్కార నేరానికి శిక్షగా తామే సన్నదు నిలిపివేయలేమని, ఆ అధికారం కౌన్సిల్‌దని ఐదుగురు న్యాయమూర్తులు తేల్చారు. అంటే కోర్టు కౌన్సిల్ స్థానాన్ని ఆక్రమించదు, కాని చివరి మాటను వదులుకోదు. ఈ ఏర్పాటు సబబే.

లోపం మరోచోట ఉంది. 1961 చట్టంలో మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు ఉన్నాయి. సొమ్ము వాపసు లేదు. 1978లో ఒక మద్రాసు న్యాయవాది కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ బాధితునికి 2,500 రూపాయలు చెల్లించమన్నారు గానీ, అది సుప్రీంకోర్టు స్థాయిలో జరిగిన పని. జిల్లాలో మోసపోయిన కక్షిదారు మాత్రం తన డబ్బు కోసం సివిల్ కోర్టులో మరో దావా వేయాలి, దానికి మరో వకీలును వెతుక్కోవాలి.